గీత పక్కన కుర్చీలు

పండుగ టోర్నమెంట్లు మొదలయ్యాయంటే వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో ఒక గొడవ తప్పదు. కబడ్డీ ఫైనల్, ఒకటి రెండు పాయింట్ల తేడా. కూతకు వెళ్లినవాడిని ఇద్దరు పట్టుకుంటారు, ముగ్గురూ కలిసి కోర్టు పక్కన పట్టీలా ఉండే లాబీలో పడతారు. పట్టు పడ్డాక మీటరు వెడల్పున్న ఆ లాబీ కూడా కోర్టు కిందే లెక్క. కానీ మన ఊళ్లలో సున్నం గీత మీదే జనం కూర్చుంటారు. ఎవరో నెట్టారంటారు, ఎవరో కాలు పట్టి లాగారంటారు. విజిల్ పడేలోపే రెండు ఊళ్లూ కోర్టులో ఉంటాయి. ఆ తర్వాత ఏటా వినబడే మాటే మళ్లీ వినబడుతుంది: కట్టెలు పాతి తాళ్లు కట్టాలి, పోలీసులను పెట్టాలి, జనాన్ని వెనక్కి జరపాలి.

ప్రేక్షకులు ఆటలోకి చొరబడిన కథలు చాలా ఉన్నాయి. 1996లో ఈడెన్ గార్డెన్స్‌లో ప్రపంచకప్ సెమీఫైనల్ ఎలా ఆగిందో, మన బ్యాట్స్‌మన్ కాంబ్లీ ఎలా ఏడ్చాడో మళ్లీ చెప్పనక్కర్లేదు. ఈ తాళ్ల గొడవ అర్థం కావాలంటే మాత్రం హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియానికి, 1969 అక్టోబరుకు వెళ్లాలి.

న్యూజిలాండ్‌తో సిరీస్‌లో ఆఖరి టెస్టు. చెరో మ్యాచ్ గెలిచి ఉన్నారు. వాన వల్ల ఒక రోజు పూర్తిగా పోయింది. ఆ తర్వాత మన బ్యాటింగ్ కుప్పకూలింది. 50 పరుగులు కూడా దాటకుండానే తొమ్మిది వికెట్లు పోయాయి. అప్పుడు వెంకట్రాఘవన్, బేడీ కలిసి ఆఖరి వికెట్‌కు 40 పరుగులు జోడించారు. 89కి ఆలౌట్. గొప్ప స్కోరేమీ కాదు, కానీ పరువు కొంచెం దక్కింది. ఆ సంతోషంలో వాళ్లను అభినందించడానికి ఒక కుర్రాడు గ్రౌండులోకి పరుగెత్తాడు. కాపలా ఉన్నవాళ్లలో ఒకరు లాఠీతో కొట్టారు. రక్తం వచ్చింది. గ్యాలరీలు అది చూశాయి. ఆ తర్వాత కుర్చీలు విరిగాయి, మంటలు లేచాయి.

క్రికెట్ చరిత్రలో దీన్ని ప్రేక్షకుల అల్లరిగా రెండు వాక్యాల్లో రాసి వదిలేస్తారు. అది ఏ ఏడాదో మాత్రం గుర్తుపెట్టుకోరు. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం రగిలిన ఏడాది అది. కాలేజీలు నెలల తరబడి నడవలేదు. పోలీసు కాల్పుల్లో విద్యార్థులు చనిపోయారు. వరంగల్‌లో ఆ తరం వాళ్లను ఇప్పుడు అడిగినా లాఠీ అనగానే ముందు 69 గుర్తొస్తుంది. గ్యాలరీలో కూర్చున్న కుర్రాళ్లకు ఆ రోజు కనబడింది ఎవరో ఆటగాడి అభిమాని కాదు, తమలాంటి పిల్లవాడి మీద పడిన లాఠీ. అల్లరి అక్కడ మొదలైందని నా లెక్క.

న్యూజిలాండ్ వాళ్లకూ ఒక కథ ఉంది. ఆఖరి రోజు, రెండో ఇన్నింగ్స్‌లో మన స్కోరు 7 వికెట్లకు 76 ఉండగా వాన వచ్చింది. గ్రౌండు ఆరబెట్టడంలో ఇక్కడివాళ్లు కావాలనే ఆలస్యం చేశారని వాళ్ల బాధ. కెప్టెన్ డౌలింగ్ స్వయంగా నీళ్లు తోడే పనికి దిగాడు. మూడు వికెట్లు తీసి ఉంటే సిరీస్ వాళ్లదే.

అంతకు తొమ్మిదేళ్ల ముందు, 1960 జనవరిలో, బొంబాయిలో ఆస్ట్రేలియా మీద అర్ధసెంచరీ కొట్టిన మన హైదరాబాదీ అబ్బాస్ అలీ బేగ్ దగ్గరకు ఒక అమ్మాయి పరుగెత్తుకొచ్చి బుగ్గ మీద ముద్దు పెట్టింది. గీత దాటడం అక్కడా జరిగింది. ఎవరూ ఎవరినీ కొట్టలేదు, స్టేడియం తగలబడలేదు. ఇప్పటికీ దాన్ని ముచ్చటగా చెప్పుకుంటారు. 2024 జనవరిలో ఉప్పల్‌లో ఇంగ్లండ్ టెస్టు జరుగుతుంటే లోపలికి పరుగెత్తి రోహిత్ శర్మ కాళ్లు మొక్కిన కుర్రాడికి మాత్రం రిమాండే దక్కింది.

కంచె కావాలనేవాళ్ల వాదనలో బలం లేదనను. 1993 ఏప్రిల్ 30న హాంబర్గ్‌లో ఆట మధ్య కుర్చీలో కూర్చున్న మోనికా సెలెస్ వీపులో స్టెఫీ గ్రాఫ్ అభిమాని ఒకడు కత్తి దించాడు. ఆమె మళ్లీ టెన్నిస్ ఆడడానికి రెండేళ్లకు పైనే పట్టింది. వాడికి జైలుకు వెళ్లనక్కర్లేని సస్పెండెడ్ శిక్షే పడింది. 2004 ఏథెన్స్ మారథాన్‌లో ముందున్న బ్రెజిల్ రన్నర్ డి లిమాను ఒకడు పక్కకు లాక్కుపోయాడు. డి లిమాకు చివరికి కాంస్యమే దక్కింది. అలాంటివాడు ఒక్కడు చాలు. అయితే ఆ రోజు డి లిమాను విడిపించి మళ్లీ రోడ్డు మీదకు పంపిందీ పక్కనే నిలబడి చూస్తున్న ఒక గ్రీకు ప్రేక్షకుడే.

మన దగ్గర గీత దాటేది ఎవరన్నది ఇంకో లెక్క. 2019 డిసెంబరులో ఢిల్లీలో నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్, మేరీ కోమ్ తలపడ్డ ఒలింపిక్ క్వాలిఫయర్ ట్రయల్ గుర్తుందా? 9-1తో నిఖత్ ఓడింది. రింగ్ పక్కన గట్టిగా అరిచి తీర్పును తప్పుపట్టింది టికెట్ కొన్న జనం కాదు, తెలంగాణ బాక్సింగ్ సంఘం తరఫున వచ్చినవాళ్లు. బాక్సింగ్ సమాఖ్య అధ్యక్షుడే వచ్చి సర్దిచెప్పాల్సి వచ్చింది. ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ కొమ్ములు తిరిగిన రిఫరీకైనా అంత దగ్గర నుంచి ఆ అరుపులు వినబడితే టెన్షన్ తప్పదు.

2021 మార్చిలో సూర్యాపేటలో జూనియర్ జాతీయ కబడ్డీ పోటీల గ్యాలరీ కూలింది. వందమందికి పైగా గాయపడ్డారు. వాళ్లెవరూ గీత దాటలేదు. కూర్చోమన్న చోటే కూర్చున్నారు.

ఇక మళ్లీ ఊరి కోర్టు దగ్గరకు. రాత్రి ఫ్లడ్‌లైట్ల కింద జనం నాలుగు వైపులా నేల మీద కూర్చుంటారు. స్కోరర్ టేబుల్ పక్కన, లాబీకి ఆనుకుని ప్లాస్టిక్ కుర్చీలు వేస్తారు. కప్పు ఇచ్చినవాళ్లు, షీల్డు మీద పేరు వేయించుకున్నవాళ్లు, రెండు ఊళ్ల పెద్దమనుషులు అందులో ఉంటారు. పాయింట్ తమకు రాకపోతే ముందు లేచేది వాళ్లే. రెఫరీని పేరు పెట్టి పిలిచేదీ వాళ్లే. వాళ్లు లేస్తేనే వెనక కుర్రాళ్లు లేస్తారు. తాళ్లు ఎంత దూరంలో కట్టాలన్న చర్చ జోరుగానే సాగుతోంది. ఆ కుర్చీలను ఎక్కడికి జరపాలన్నది ఇంకా ఎవరూ అడగలేదు.