హాస్య కార్యక్రమంలో అభ్యర్థి: అమెరికా టీవీలో ‘సమాన సమయం’ వివాదం ఎక్కడ మొదలైంది?

అమెరికా అధ్యక్ష ఎన్నికకు మూడు రోజుల ముందు, 2024 నవంబరు 2 రాత్రి, ఎన్‌బీసీ ప్రసారం చేసే ‘సాటర్‌డే నైట్ లైవ్’లో డెమోక్రటిక్ అభ్యర్థి కమలా హారిస్ ముందస్తు ప్రకటన లేకుండా ప్రత్యక్షమయ్యారు. ఆ షోలో హారిస్ పాత్ర వేస్తున్న హాస్యనటి మాయా రుడాల్ఫ్ అద్దం ముందు కూర్చుని తనలో తాను మాట్లాడుకుంటూ ఉంటే, ప్రతిబింబం ఉండాల్సిన చోట అసలు హారిస్ కూర్చుని బదులివ్వడం ఆ స్కెచ్‌లోని చమత్కారం. ఆమె తెర మీద ఉన్నది దాదాపు నిమిషంన్నర. ప్రసారాలను నియంత్రించే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ (ఎఫ్‌సీసీ)లో రిపబ్లికన్ సభ్యుడైన బ్రెండన్ కార్, ఇది పోటీలో ఉన్న అభ్యర్థులందరికీ ప్రసార సమయం సమానంగా ఇవ్వాలన్న ‘సమాన సమయ’ నిబంధనను తప్పించుకునే ప్రయత్నమేనని వెంటనే ఆరోపించారు. మరునాడే ఎన్‌బీసీ తన క్రీడా ప్రసారాల్లో డొనాల్డ్ ట్రంప్ సందేశానికి ఉచితంగా చోటిచ్చింది. అయినా న్యూయార్క్‌లోని ఎన్‌బీసీ స్టేషన్ మీద ఫిర్యాదు దాఖలైంది. 2025 జనవరి 16న కమిషన్ దాన్ని కొట్టేసింది. ట్రంప్ ప్రమాణ స్వీకారం తర్వాత కార్ ఛైర్మన్ కావడంతో జనవరి 22న అదే ఫిర్యాదును తిరగతోడారు. నిమిషంన్నర నవ్వులాట మీద ఇంత పట్టుదల ఎందుకో తెలియాలంటే దాదాపు వందేళ్ల వెనక్కి వెళ్లాలి.

ఒక అభ్యర్థికి అవకాశమిచ్చిన ప్రసార కేంద్రం అదే పదవికి పోటీపడుతున్న ఇతరులకూ అంతే అవకాశం ఇవ్వాలన్న నియమం 1927 నాటి రేడియో చట్టంలోనే ఉంది. అది 1934 కమ్యూనికేషన్స్ చట్టంలో 315వ సెక్షన్‌గా స్థిరపడింది. ఆకాశంలోని తరంగాలు ప్రజల ఆస్తి, వాటిని వాడుకునే లైసెన్సు కొందరికే దక్కుతుంది కాబట్టి ఆ కొందరు ఎన్నికల్లో ఒక పక్షానికి కొమ్ము కాయకూడదన్నది దీని వెనుక ఉన్న తర్కం. అందుకే కేబుల్ ద్వారా మాత్రమే వచ్చే వార్తా ఛానెళ్లు ఎంత పక్షపాతంగా మాట్లాడినా ఈ సెక్షన్‌లోని ప్రసార కేంద్రాల బాధ్యత వాటికి అంటదు. ఇతర అభ్యర్థులను వెతికి పిలవాల్సిన పని స్టేషన్‌కు లేదు. ఏడు రోజుల్లోగా వారే అడగాలి, అడిగితే ఇవ్వాలి.

ఈ నియమానికి తొలి పెద్ద పరీక్ష పెట్టిన మనిషే ఒక నడిచే హాస్య స్కెచ్ లాంటివాడు. షికాగోకు చెందిన లార్ డేలీ, అమెరికాకు ప్రతీకగా గీసే అంకుల్ శామ్ వేషంలో తిరుగుతూ కనిపించిన ప్రతి పదవికీ పోటీచేసేవాడు. 1959లో నగర మేయర్ ఎన్నికలో నిలబడ్డప్పుడు, అప్పటి మేయర్ రిచర్డ్ డేలీ అర్జెంటీనా అధ్యక్షుడికి స్వాగతం పలకడం వంటి దృశ్యాలు వార్తల్లో వచ్చాయి కాబట్టి తనకూ సమయం కావాలని పట్టుబట్టాడు. చట్టంలోని మాటలను ఉన్నవి ఉన్నట్టు చదివిన ఎఫ్‌సీసీ అతని వాదనే సరైనదంది. ఆ తీర్పు నిలబడితే ఎన్నికల కాలంలో వార్తలు చూపించడమే కష్టమవుతుందని గగ్గోలు పుట్టి, అదే ఏడాది కాంగ్రెస్ చట్టాన్ని సవరించింది. వార్తా ప్రసారాలు, వార్తా ఇంటర్వ్యూలు, వార్తా డాక్యుమెంటరీలు, వార్తా ఘటనల ప్రత్యక్ష ప్రసారాలు మినహాయింపు పొందాయి. ఈ జాబితాలో వినోదం లేదు. ఇవాళ్టి తగవుకు మూలం ఆ లోటేనని నా అభిప్రాయం. తర్వాతి దశాబ్దాల్లో ఎఫ్‌సీసీ టాక్ షోలలోని ఇంటర్వ్యూలను వార్తా ఇంటర్వ్యూల కిందికి చేర్చి వెసులుబాటు ఇచ్చింది గానీ, వేషం కట్టి డైలాగు చెప్పే స్కెచ్‌ను ఎంత సాగదీసినా వార్త అనలేం.

సవరణ జరిగిన తొమ్మిదేళ్లకు, 1968 సెప్టెంబరు 16న, రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి రిచర్డ్ నిక్సన్ ‘రోవన్ అండ్ మార్టిన్స్ లాఫ్-ఇన్’ అనే హాస్య కార్యక్రమంలో కనిపించారు. ఆ షోలో తారాగణమంతా వాడే ఊతపదమైన ‘సాక్ ఇట్ టు మీ’ (నాకు వడ్డించండి అన్నట్టు)ని ఆశ్చర్యం ధ్వనించేలా ప్రశ్నగా పలకడం తప్ప ఆయన చేసిందేమీ లేదు, ఆ కాసిన్ని మాటలకే అనేక టేకులు అవసరమయ్యాయట. ఆయనను అక్కడికి రప్పించింది ఆ షో రచయితల్లో ఒకరూ, ఆయన మిత్రుడూ అయిన పాల్ కీస్. అవే మాటలు అనమని ప్రత్యర్థి హ్యూబర్ట్ హంఫ్రీని అడిగితే ఆయన ఒప్పుకోలేదు. ఆ ఎన్నికలో నిక్సన్ ఒక శాతం కన్నా తక్కువ ఓట్ల తేడాతో గట్టెక్కారు. గెలుపును ఆ కొన్ని క్షణాలకు అంటగట్టడం అతిశయోక్తే కానీ, గంభీరమైన మొహం గల నాయకుడు తనను చూసి తానే నవ్వుకోగలడని చూపిస్తే ఓటరు కాస్త మెత్తబడతాడన్న నమ్మకం మాత్రం అప్పటి నుంచి ఎన్నికల వ్యూహకర్తల్లో పాతుకుపోయింది.

నాయకుడు హాస్యంలోకి వచ్చినట్టే హాస్యగాడు రాజకీయంలోకి వస్తే ఏమవుతుందో 1972లో తేలింది. ఉత్తుత్తి అధ్యక్ష ప్రచారంతో పేరు తెచ్చుకున్న కమెడియన్ పాట్ పాల్సెన్ ఆ ఏడాది న్యూ హ్యాంప్‌షైర్ రిపబ్లికన్ ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో) నిజంగానే నామినేషన్ వేశారు. ఆయన నటించిన వినోద కార్యక్రమాన్ని ప్రసారం చేస్తే ప్రత్యర్థులకూ సమయం ఇవ్వాల్సిందేనని ఎఫ్‌సీసీ తేల్చింది. టీవీయే తన బతుకుతెరువు అని ఆయన మొత్తుకున్నా అప్పీళ్ల కోర్టు 1974లో ఆ నిర్ణయాన్నే సమర్థించింది. అభ్యర్థి గొంతు గానీ రూపం గానీ గుర్తుపట్టేలా కనిపిస్తే చాలు, రాజకీయం మాట్లాడాడా లేదా అన్నది అనవసరమన్న సూత్రం దాంతో గట్టిపడింది.

ఆ మరుసటి ఏడాది, 1975 అక్టోబరు 11న, లోర్న్ మైఖేల్స్ నిర్మాణంలో మొదలైన కార్యక్రమమే నేటి ‘సాటర్‌డే నైట్ లైవ్’. వారాంతాల్లో టాక్ షో వ్యాఖ్యాత జానీ కార్సన్ పాత ఎపిసోడ్లు వేయడానికి వీల్లేకుండా పోవడంతో శనివారం రాత్రి ఖాళీని పూరించడానికి దాన్ని తెచ్చారు. శాశ్వత తారాగణం ఉన్నప్పటికీ ప్రతివారం ఒక ప్రముఖుడు అతిథిగా వచ్చి, ప్రారంభ ప్రసంగం చేసి, తొంభై నిమిషాల షోలో అనేక స్కెచ్‌లలో పాల్గొనడం దాని ప్రత్యేకత. తొలి సీజన్‌లోనే తారాగణంలోని చెవీ ఛేజ్, అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్‌ను అడుగడుగునా తడబడి పడిపోయే మనిషిగా చూపించేవాడు. అందుకోసం మేకప్ కూడా వేసుకునేవాడు కాదు. ఫోర్డ్ కోపగించుకోలేదు సరికదా, ఆయన ప్రెస్ సెక్రటరీ రాన్ నెసెన్ 1976 ఏప్రిల్ 17న అతిథిగా వచ్చినప్పుడు ఫోర్డ్ కూడా ముందే రికార్డు చేసిన మాటలతో షోలో కనిపించారు.

షో అంతా నడిపే ఆ అతిథి స్థానంలో అసలు అభ్యర్థే వస్తే చిక్కు ఎంత పెద్దదో 2003 డిసెంబరులో, డెమోక్రటిక్ అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీపడుతున్న అల్ షార్ప్‌టన్ వచ్చినప్పుడు బోధపడింది. పోటీదార్లందరికీ సమయం ఇవ్వాల్సి వస్తుందన్న భయంతో, తొలి ఓటింగు జరగబోతున్న ఆయోవాలోని ఎన్‌బీసీ స్టేషన్లు సహా కొన్ని కేంద్రాలు ఆ వారం షోను ప్రసారమే చేయలేదు. ఆ తర్వాత అభ్యర్థులు ఎక్కువగా ఒకటి రెండు నిమిషాలకు వచ్చి వెళ్లిపోవడమే చూస్తాం.

ఇక చట్టం లెక్కలోకే రాని సంగతి ఒకటుంది. 2008లో రిపబ్లికన్ ఉపాధ్యక్ష అభ్యర్థి, రష్యాకు దగ్గరున్న అలాస్కా గవర్నరు సారా పాలిన్‌ను హాస్యనటి టీనా ఫే అనుకరించిన తీరు ఎంత బలంగా నాటుకుందంటే, మా ఇంటి నుంచి రష్యా కనిపిస్తుందన్న ఫే డైలాగును పాలినే అన్నారని నేటికీ నమ్మేవారున్నారు. అభ్యర్థి సొంత రూపం కాదు కాబట్టి ఆ స్కెచ్‌లకు సమాన సమయం వర్తించదు. అక్టోబరు 18న పాలిన్ స్వయంగా వచ్చిన కొద్ది నిమిషాలకు మాత్రం వర్తిస్తుంది. ఓటరు మనసులో ఏది ఎక్కువ కాలం నిలిచిందో అడగడం చట్టం పని కాదు.

ట్రంప్ 2015 నవంబరు 7న పూర్తిస్థాయి అతిథిగా వచ్చేసరికి లెక్క మళ్లీ నిమిషాల దగ్గరికే చేరింది. మెక్సికో వలసదారుల మీద ఆయన మాటలకు నిరసనగా కొన్ని నెలల క్రితమే ఆయనతో వ్యాపార సంబంధాలు తెంచుకున్న ఎన్‌బీసీయే ఆయనను ఆహ్వానించింది. ట్రంప్ తెర మీద ఉన్న సమయం 12 నిమిషాల 5 సెకన్లని తేలాక, జాన్ కేసిచ్, మైక్ హకబీ, లిండ్సీ గ్రాహం వంటి రిపబ్లికన్ పోటీదార్లు తమ వాటా అడిగారు. వారికి ఆయోవా, న్యూ హ్యాంప్‌షైర్, సౌత్ కరోలినాలలోని స్టేషన్లలో దాదాపు అన్ని నిమిషాలూ దక్కాయి. షో రచయితలు గానీ, తారాగణం గానీ, స్టూడియోలో కూర్చుని నవ్వే ప్రేక్షకులు గానీ ఆ వాటాలో లేరు. ఆ పోటీదార్లు తమ సొంత ప్రచార ప్రకటనలు వేసుకున్నారు.