మైకంచ్ నుంచి సిజిమాలి దాకా: భుజాన గొడ్డలి ఉంటే శాంతియుత సభ కాదా?

ఒడిశాలోని రాయగడ వైపు ఉన్న సిజిమాలి కొండ మీద బాక్సైట్ గని గొడవ మళ్లీ వార్తల్లోకెక్కింది. రాయగడ బజారులో దుకాణాలు నడుపుకునే మన తెలుగువాళ్లు ముందుగా అడిగేది "కాశీపూర్ రోడ్డు తెరిచారా?" అనే. సరుకు పోవాలి కదా, వాళ్లను తప్పుపట్టలేం. కానీ ఆ రోడ్డు మాటిమాటికీ ఎందుకు మూతపడుతోందో తెలియాలంటే పాతికేళ్లు వెనక్కి వెళ్లాలి.

అదే వైపున్న నియమగిరి కొండల బాక్సైట్ గొడవ సంగతి ఇక్కడ తిరగదోడను. 2013లో సుప్రీంకోర్టు తీర్పు, ఆ తర్వాత 12 గ్రామసభలూ తవ్వకాలు వద్దనడం అందరికీ తెలిసినవే. థర్మల్ ప్లాంట్ల గొడవల్లో జరిగిన సోంపేట, కాకరాపల్లి కాల్పులు సిక్కోలువాళ్లకు గుర్తుచేయక్కర్లేదు. ఇప్పటి గొడవకు మూలం మాత్రం మైకంచ్.

కాశీపూర్ బ్లాకులోని ఈ ఊరు బాక్సైట్ తవ్వి అల్యూమినా తీసే ఉత్కళ్ అల్యూమినా ప్రాజెక్టును వ్యతిరేకించిన ఊళ్లలో ముందుంది. 2000 డిసెంబరు 15న ప్రాజెక్టుకు మద్దతుగా సభ పెడదామని పార్టీల నాయకులు అటు బయల్దేరారు. ఆదివాసీలు దారికి అడ్డం నిలిచారు. తోపులాట జరిగింది. మర్నాడు పోలీసులు ఊళ్లోకి దిగారు. ఆడవాళ్లు వాళ్లకు ఎదురుగా నిలబడ్డారు, మగవాళ్లు కొండ వైపు వెళ్లారు. ముగ్గురు ఆదివాసీలు తూటాలకు చనిపోయారు. గుంపు మీద పడితే ఆత్మరక్షణ కోసం కాల్చామన్నారు పోలీసులు. అలాగైతే కొండ వైపు వెళ్లినవాళ్లను ఎందుకు కాల్చారన్న ప్రశ్నకు ఆ మాటలో జవాబు లేదు.

విచారణకు జస్టిస్ పి.కె. మిశ్రా కమిషన్ వేశారు. పోలీసుల బలప్రయోగం మితిమీరిందని కమిషన్ తేల్చింది. అదే నివేదికలో, ఈ ప్రాంతం బాగుపడాలంటే పరిశ్రమ రావాలని కూడా అంది. తర్వాత జరిగినదంతా ఈ రెండో మాట నీడలోనే జరిగిందని నా అభిప్రాయం. కాల్పులు తప్పే కానీ, అక్కడ జనం గుమికూడటమే అసలు సమస్య అన్న భావన ప్రభుత్వంలో పాతుకుపోయింది. దారికి అడ్డంగా కూర్చున్నవాళ్లు రాజ్యాంగం ఇచ్చిన హక్కునే వాడుకుంటున్నారన్న ఆలోచనకు చోటు లేకుండా పోయింది. ప్రాజెక్టులో భాగస్వామి అయిన నార్వే కంపెనీ నార్స్క్ హైడ్రో 2001లో తప్పుకుంది. ప్రాజెక్టు మాత్రం ఆగలేదు. హిందాల్కో చేతికి వచ్చి రిఫైనరీ నడుస్తూనే ఉంది.

తుపాకీ ఒక్కసారిగా మూలకు చేరలేదు. 2006 జనవరి 2న జాజ్‌పూర్ జిల్లా కళింగనగర్‌లో ఉక్కు ఫ్యాక్టరీ గొడవలో కాల్పులు జరిగి డజనుకు పైగా ఆదివాసీలు, ఒక పోలీసు చనిపోయారు. ఇటు రాయగడ వైపు మాత్రం పద్ధతి మారుతూ వచ్చింది. కాల్చితే కమిషన్ వేస్తారు, పేపర్లు రాస్తాయి. కేసు పెడితే ఆ గోల ఉండదు.

2023 ఆగస్టు చూడండి. సిజిమాలి గనిని వేలంలో దక్కించుకున్న వేదాంత తరఫున సర్వేకు మనుషులొచ్చారు, ఊళ్లవాళ్లు అడ్డుకున్నారు. తర్వాత కేసులు మొదలయ్యాయి. ఎఫ్ఐఆర్‌లో కొన్ని పేర్లు రాసి, చివర 'మరికొందరు' అని చేరుస్తారు. ఆ 'మరికొందరి'లో ఎవరినైనా ఎప్పుడైనా పట్టుకెళ్లొచ్చు. సంతకు వెళ్లాలన్నా టెన్షనే. ఇరవైకి పైగా మంది జైలుకెళ్లారు. అదే నెలలో కల్యాణసింగ్‌పూర్‌లో తొమ్మిది మంది నియమగిరి కార్యకర్తల మీద ఏకంగా ఉగ్రవాద నిరోధానికి వాడే ఊపా (యూఏపీఏ) చట్టం కింద కేసు పెట్టి, గోల రేగాక ఆ సెక్షన్లు తీసేశారు.

ఇలాంటి కేసుల్లో 'మారణాయుధాలతో' అన్న మాట తప్పనిసరిగా వస్తుంది. రాజ్యాంగం 19(1)(బి) అధికరణం శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కు ఇచ్చింది. ఇక్కడి కొంధు తెగ మగవాడి భుజాన మాత్రం టంగియా, అంటే పొడుగు కర్రకు బిగించిన చిన్న గొడ్డలి, పొద్దున లేస్తే ఉంటుంది. పోడుకు, కట్టెలకు, పెళ్లికి, సంతకు అదే. అది భుజాన వేసుకుని సభలో నిలబడితే ఆయుధమైపోతుంది. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 2020లో ఇచ్చిన 37వ సాధారణ వ్యాఖ్యలో సరిగ్గా ఈ సంగతి ఉంది: ఆయుధంలా కనిపించే వస్తువు చేతిలో ఉన్నంత మాత్రాన హింస అనుకోకూడదు, స్థానిక ఆచారం ఏమిటో, కొట్టే ఉద్దేశం ఉందో లేదో చూడాలి. కాశీపూర్ స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ రాసేవాళ్ల దాకా ఆ మాట చేరినట్టు లేదు.

పోలీసులది కూడా చెప్పాలి. పదిమంది సిబ్బందికి ఎదురుగా వందల మంది, చేతుల్లో గొడ్డళ్లు, రాళ్లు పడతాయన్న భయం. తమ మీద దాడులు జరిగాయని వాళ్లంటారు.

ఇక నిషేధ ఉత్తర్వులు. జనం గుమికూడకుండా ఆపే పాత 144 సెక్షన్ ఇప్పుడు కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 163 అయింది. ఒక ఉత్తర్వు మామూలుగా రెండు నెలలకు మించి ఉండకూడదు. అనురాధ భాసిన్ కేసులో 2020లో సుప్రీంకోర్టు, న్యాయమైన అసమ్మతిని అణచడానికి ఈ సెక్షన్ వాడొద్దంది. కారణాలు ఉత్తర్వులో చూపాలని, మళ్లీ మళ్లీ పొడిగించడం అధికార దుర్వినియోగమనీ చెప్పింది. అయినా 2025 జూన్‌లో పర్యావరణ దినం సభకు వస్తున్న మేధా పాట్కర్‌తో పాటు మరికొందరు జిల్లాలో అడుగుపెట్టకూడదని కలెక్టర్ రెండు నెలల నిషేధం పెట్టారు. ఆమెను రాయగడ రైల్వే స్టేషన్‌లోనే ఆపేశారు.

జైలు నుంచి బయటపడ్డా కథ అయిపోదు. 2025లో ఒక నిరసనకారుడికి బెయిలిస్తూ ఒరిస్సా హైకోర్టు, రెండు నెలల పాటు రోజూ పొద్దున కాశీపూర్ పోలీస్ స్టేషన్ ఆవరణ శుభ్రం చేయాలని షరతు పెట్టింది. నేరం ఇంకా రుజువు కాలేదు. ఈ కేసుల్లో ఉన్నది ఆదివాసీలు, దళితులు. చీపురు చేతికివ్వడమంటే వాళ్లకు ఏమిటో వివరించక్కర్లేదు.

ఇంతకీ ఇప్పటి పేచీ 2023 డిసెంబరు 8 దగ్గర ఆగింది. ఆ రోజు గ్రామసభలు జరిగి సిజిమాలి గనికి అటవీ భూమి ఇవ్వడానికి ఒప్పుకున్నాయని ప్రభుత్వ కాగితాలంటాయి. అసలు సభలే జరగలేదు, సంతకాలు దొంగవి అని ఊళ్లవాళ్లంటారు. ఆ తగవు హైకోర్టు దాకా వెళ్లింది.