ఎండిన చెరువు, పట్టా కాగితం: కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: "ఈ చెరువు నిండక పదిహేనేండ్లయింది. పట్టా ఉంది, రిజిస్ట్రేషన్ అయింది. ఇంకేం భయం?"

నల్లగొండ, మహబూబ్‌నగర్ చుట్టుపక్కల ప్లాట్లు కొనేవాళ్లను నిండా ముంచుతున్నది ఈ మాటే. ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవల్, చెరువు పూర్తిగా నిండే మట్టం) అంటే ఇవాళ నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయన్నది కాదు. చెరువు నిండాక మిగులు నీళ్లు పారే అలుగు గోడ పైఅంచు ఏ మట్టంలో ఉందో, ఆ మట్టంలో చెరువు లోపలి నేల చుట్టూ వచ్చే గీత. ఎన్నేండ్లు ఎండినా ఆ గీత జరగదు. మనవి గొలుసుకట్టు చెరువులు. పైవాటి అలుగులు పారితే, తన దగ్గర వాన పడకున్నా కింది చెరువు నిండుతుంది.

శిఖం (చెరువు నిండితే మునిగే నేల) పట్టా సాగుకే. నీళ్లు తగ్గినప్పుడు పంట వేసుకోవచ్చు, పునాది తీయరాదు. రిజిస్ట్రేషన్‌లో చేతులు మారిన సంగతి రాస్తారు గానీ నేల మట్టం చూడరు. ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) ఫీజు కట్టినంత మాత్రాన చెరువు నేల ఇంటి స్థలం అయిపోదు.

కొనేముందు గ్రామ నక్షాలో మీ సర్వే నంబరు వెతికి, చెరువు, వాగు, కాల్వ గీతలు ఎటు పోతున్నాయో చూడండి. నీటిపారుదల శాఖ ఆఫీసులో ఎఫ్‌టీఎల్ మ్యాపు అడగండి. ఆ తర్వాత సర్వేయర్‌తో ఆటోలెవల్ (నేల ఎత్తుల తేడా కొలిచే పరికరం) పెట్టించండి. కొలకర్ర (స్టాఫ్) మీద అంకె ఎంత పెద్దదైతే నేల అంత కిందున్నట్టు. అలుగు మీద స్టాఫ్ రీడింగ్ 1.20 మీటర్లు వచ్చి, అదే అమరికలో ప్లాటు దగ్గర 1.85 వచ్చిందంటే, మీ నేల అలుగు కంటే 65 సెంటీమీటర్లు కిందుంది. కట్టకు లోపలి వైపునైతే అది ప్లాటు కాదు, చెరువు. కాస్త పైనున్నా నిశ్చింత పడొద్దు. అలుగు రెండడుగుల మందాన పారితే చెరువులో నీళ్లూ అంత మేర పైకి లేస్తాయి.

2012 భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు వదలాలి, చిన్న కుంటకు 9 మీటర్లు. వాగు, నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, లేకుంటే 2 మీటర్లు. అలుగు కింది వాగును చాలామంది మర్చిపోతారు. ఎఫ్‌టీఎల్ బయటే ఉన్నా ఆ దారిలో ఇల్లు కడితే వరద ఇంట్లోకే వస్తుంది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 వానలకు కోదాడలో కాలనీలు ఎట్లా మునిగాయో అందరం చూశాం.

ఇప్పటికే కొన్నవాళ్లు ఎంత కుమిలిపోతారో తెలుసు, అది వాళ్ల కష్టార్జితం. "సెటిల్ చేయిస్తా" అనే బ్రోకరుకు మాత్రం ఇంకో రూపాయి ఇవ్వకండి. రెవెన్యూ, నీటిపారుదల శాఖలు కలిసి సర్వే చేయాలని కలెక్టరేట్‌లో దరఖాస్తు పెట్టి రసీదు తీసుకోండి. రిపోర్టు రాతపూర్వకంగా చేతికొచ్చేదాకా పునాది తీయకండి.

అపోహ: "అలుగు మీద బస్తాలు పేరిస్తే నీళ్లు నిలుస్తాయి, జాలీ కడితే చేపలు పోవు."

చెరువు లోపల 200 మీటర్లకు 1 మీటరు వాలుంటే, అలుగు ఒక్క అడుగు పెంచినా నీళ్లు 60 మీటర్లు ముందుకు పాకుతాయి. జాలీ ఇంకా ప్రమాదం. దానికి గుర్రపు డెక్క, చెత్త పట్టుకుంటాయి. 30 మీటర్ల అలుగు 60 సెంటీమీటర్ల మందాన పారితే సెకనుకు దాదాపు 24 ఘనపు మీటర్ల నీళ్లు పోతాయి. సగం మూసుకుపోతే, అదే వరద పోవడానికి నీళ్లు 95 సెంటీమీటర్లు లేవాలి. ఆ ఎక్కువైన 35 సెంటీమీటర్లు కట్ట భద్రతకు వదిలిన ఎత్తును తినేస్తాయి. కట్ట పొర్లితే గండి, పైచెరువు తెగితే కింది చెరువులకూ ముప్పే. అలుగు ఎత్తు మార్చే అధికారం సర్పంచికి లేదు, మత్స్య సొసైటీకి లేదు, ఆయకట్టు రైతులకూ లేదు. అది నీటిపారుదల శాఖ పని.

అపోహ: "పూడిక తీస్తే వరద ఆగుతుంది."

పొలాలకు నీళ్లు వదిలే తూము కంటే కింద తవ్విన గుంత ఒకసారి నిండాక ఆ సీజన్‌లో ఖాళీ కాదు, రెండో వానకు పనికిరాదు. పూడికమట్టి పొలానికి మంచిదే. కట్ట పాదం దగ్గర మాత్రం తవ్వొద్దు.

అపోహ: "కట్ట మీద చెట్లుంటే గట్టిదనం."

గడ్డి మంచిది. సర్కారు తుమ్మ పెరగనివ్వొద్దు. పైన నరికి వదిలేస్తే వేరు కుళ్లి నీళ్లకు దారి అవుతుంది. వేరుతో తీసి, మట్టి పొరలు పొరలుగా వేసి దిమ్మిస కొట్టాలి.

అపోహ: "కట్ట వెనక ఊట కనబడితే తెగినట్టే."

తేట ఊట చాలా కట్టలకు మామూలే. ఊట పెరుగుతోందా లేదా అని గంటగంటకూ చూడండి. నీళ్లలో మట్టి కలిసి వస్తే మాత్రం కట్టలో బుంగ (రంధ్రం) పడుతున్నట్టే. వెనక నుంచి బంకమట్టితో మూయకండి, నీళ్లు పక్కనుంచి పొడుచుకొస్తాయి. చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి, లోపల మొదట ఇసుక, దానిపై కంకర, ఆపైన రాళ్లు వేయండి. నీళ్లు పోవాలి, మట్టి ఆగాలి. ఆ పని జరుగుతుండగానే ఇంకొకరు నీటిపారుదల శాఖ ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు), తహసీల్దార్‌కు, కింది ఊళ్లకు ఫోన్ చేయాలి.