ఆట కొన్న తరువాత మొదలయ్యే ఖర్చు: అదనపు డౌన్‌లోడ్ కంటెంట్ నేపథ్యం

వీడియో గేముల్లో అమ్మే వస్తువు ధరను ఆటలో డబ్బులా చెలామణి అయ్యే రత్నాల్లోనో నాణేల్లోనో చూపితే చాలదనీ, అది అసలు డబ్బులో ఎంతవుతుందో కూడా కొనేవారికి స్పష్టంగా కనిపించాలనీ యూరప్ దేశాల వినియోగదారుల రక్షణ సంస్థలు 2025 మార్చిలో ఉమ్మడిగా ప్రకటించాయి. అక్కర్లేని నాణేలను కట్టలు కట్టి అంటగట్టకూడదన్న మాట కూడా ఆ ప్రకటనలో ఉంది. వెల చెప్పి అమ్మాలన్నది వ్యాపారంలో అన్నిటికన్నా మామూలు నియమం. దాన్ని ఒక పరిశ్రమకు ప్రత్యేకంగా గుర్తుచేయవలసి వచ్చిన పరిస్థితి ఒక్కరోజులో ఏర్పడలేదు. ముప్పై ఏళ్ల పరిణామాన్ని వరుసగా పరిశీలిస్తే, అదనంగా డబ్బు కట్టవలసి వచ్చినందుకు ఆటగాళ్లు గొడవపడిన సందర్భాలు నిజానికి తక్కువేననీ, ఏమి కొంటున్నామో, ఎంతకు కొంటున్నామో, కొన్నది ఎంతకాలం మన దగ్గర ఉంటుందో తెలియకుండా పోయిన ప్రతిసారీ గొడవ రేగిందనీ అర్థమవుతుంది.

ఆట కొన్నవారికి మరికొంత ఆటను, అంటే అదనపు కంటెంట్‌ను, విడిగా అమ్మడం ఆన్‌లైన్ చెల్లింపులకన్నా పాతది. 1993 డిసెంబరులో ఐడీ సాఫ్ట్‌వేర్ సంస్థ డూమ్ ఆటలోని మొదటి భాగాన్ని ఉచితంగా పంచింది; మిగతా భాగాలు కావలసినవారు డబ్బు పంపి తెప్పించుకునేవారు. 1998లో స్టార్‌క్రాఫ్ట్‌కు బ్రూడ్ వార్, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌కు ద రైజ్ ఆఫ్ రోమ్ అనుబంధాలుగా దుకాణాలకు వచ్చాయి. ఎక్స్‌పాన్షన్ ప్యాక్‌లు అనే ఈ అనుబంధాల్లో కొత్త దళాలు, కొత్త పోరాటాలు, వారాల తరబడి ఆడుకోదగినంత సరుకు ఉండేది. సీడీ ముద్రించి, పెట్టెలో పెట్టి, దుకాణం అరలో చోటు సంపాదించడానికి అయ్యే ఖర్చు రాబట్టాలంటే అంత సరుకు ఇవ్వక తప్పేది కాదు. ఒక గుర్రపు జీనునో, ఒక టోపీనో విడిగా అమ్ముకోవడం ఆ రోజుల్లో గిట్టుబాటయ్యే పని కాదు. చిన్న చిన్న చేర్పులను చాలామంది తయారీదారులు ఊరికే ఇచ్చేవారు. 1997లో వచ్చిన టోటల్ అనైహిలేషన్ అనే ఆటకు కొత్త యుద్ధయంత్రాలను దాని తయారీదారులు ఇంటర్నెట్‌లో ఉచితంగా పెడుతూ వచ్చారు. కొనుగోలుదారుకు ఆనాడు రక్షణగా నిలిచింది చట్టం కాదు, పంపిణీ ఖర్చు. డౌన్‌లోడ్ వచ్చి ఆ ఖర్చును దాదాపు తుడిచిపెట్టింది.

2001లో వచ్చిన మైక్రోసాఫ్ట్ గేమింగ్ యంత్రం ఎక్స్‌బాక్స్‌లో హార్డ్ డిస్క్, నెట్‌వర్క్ సదుపాయం మొదటి నుంచీ అమర్చి ఉండటం, 2002 నవంబరులో దాని ఆన్‌లైన్ సేవ ఎక్స్‌బాక్స్ లైవ్ ప్రారంభం కావడం వల్ల టీవీ ముందు కూర్చున్న ఆటగాడికి నేరుగా సరుకు చేర్చే మార్గం ఏర్పడింది. 2005లో ఎక్స్‌బాక్స్ 360తో పాటు, ఆ దుకాణంలో డబ్బుకు బదులుగా వాడే మైక్రోసాఫ్ట్ పాయింట్లు వచ్చాయి. ఒక డాలరుకు 80 పాయింట్లు. వందో, యాభయ్యో కాకుండా 80 పెట్టడం వల్ల ప్రతి ధరనూ మనసులో భాగహారం చేసుకుంటేగానీ అసలు ఖర్చు తేలదు. పైగా పాయింట్లను కావలసినన్ని మాత్రమే కొనుక్కునే వీలు లేదు. ముందే నిర్ణయించిన కట్టలుగానే కొనాలి. ఖాతాలో ఎప్పుడూ కొన్ని మిగిలిపోతాయి, ఆ మిగిలినవి మరో కట్ట కొనమని పురిగొల్పుతాయి. ఈ పాయింట్లను మైక్రోసాఫ్ట్ 2013లో ఎత్తివేసి మామూలు డబ్బులోనే ధరలు చూపడం మొదలుపెట్టింది. అప్పటికి ఆ పద్ధతి ఎన్నో ఫోన్ ఆటలకు పాకిపోయింది.

అదనపు కంటెంట్ చరిత్రలో అందరూ గుర్తుపెట్టుకున్న వస్తువు ఒక గుర్రపు కవచం. ది ఎల్డర్ స్క్రోల్స్ 4: ఒబ్లివియన్ విడుదలైన కొద్ది రోజులకే, 2006 ఏప్రిల్‌లో, ఆటలోని గుర్రానికి తొడిగే లోహపు కవచాన్ని బెథెస్డా సంస్థ 200 పాయింట్లకు, అంటే రెండున్నర డాలర్లకు, అమ్మకానికి పెట్టింది. అది చూడటానికి బాగుండేదేగానీ ఆట నడకలో దానివల్ల పెద్దగా మారేదేమీ లేదు. ఆటగాళ్లు మండిపడ్డారు, ఎగతాళి చేశారు, అయినా కొన్నారు. మరుసటి ఏడాది అదే సంస్థ షివరింగ్ ఐల్స్ పేరుతో ఒక పెద్ద ఎక్స్‌పాన్షన్ విడుదల చేస్తే, ధర పది రెట్లకు పైగా ఉన్నా, ఆదరించారు. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆటగాళ్లకు డబ్బు ఇవ్వడానికి మనసొప్పదన్న ఆరోపణ నిలవదు. అయితే పరిశ్రమ ఆ అనుభవం నుంచి వేరే పాఠం నేర్చుకుంది: కొద్ది శ్రమతో చేసిన అలంకారానికి కూడా కొనేవారు ఉన్నారు. 2025లో ఒబ్లివియన్‌ను కొత్త హంగులతో తిరిగి విడుదల చేసినప్పుడు ఎక్కువ ధర పలికే డీలక్స్ ఎడిషన్‌లో మళ్లీ గుర్రపు కవచాలు పెట్టారు.

కంపెనీల వాదనను కొట్టిపారేయడం న్యాయం కాదు. పెద్ద ఆటల తయారీకి వందలమంది ఏళ్ల తరబడి పనిచేయవలసిన స్థితి వచ్చినా, అమెరికాలో వాటి ధర 2005 నుంచి 2020 దాకా దాదాపు 60 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. ఒకసారి అమ్ముడైన డిస్క్ పాత ఆటల దుకాణాల్లో చేతులు మారినప్పుడల్లా లాభం దుకాణానికే తప్ప తయారీదారుకు రాదు. అందుకే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే గేమ్ సంస్థ 2010లో ఆన్‌లైన్ పాస్ తెచ్చింది. కొత్త డిస్కుతో వచ్చే కోడ్ ఒక ఖాతాకే పనిచేస్తుంది. పాత డిస్కు కొన్నవారు ఇతరులతో ఆన్‌లైన్‌లో ఆడాలంటే మళ్లీ 10 డాలర్లు కట్టాలి. ఆటలో అంతకుముందు సహజంగా ఉన్న భాగానికి తాళం వేసి, తాళంచెవిని విడిగా అమ్మే ఈ ఏర్పాటుకు వ్యతిరేకత వెల్లువెత్తడంతో 2013లో ఆ సంస్థే దాన్ని విరమించుకుంది.

తాళం వేసే ఆలోచన మాత్రం పోలేదు. 2012 మార్చిలో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ ఎక్స్ టెక్కెన్ డిస్కును పరిశీలించినవారికి అందులో 12 మంది యోధులు సిద్ధంగా ఉన్నా ఆడటానికి వీల్లేకుండా దాచి ఉంచినట్టు తేలింది. వారిని తరువాత విడిగా అమ్మాలన్నది ఆ ఆటను తెచ్చిన క్యాప్‌కామ్ సంస్థ ఉద్దేశం. ఆటగాళ్లందరి దగ్గరా ఒకే సమాచారం ఉంటే ఒకరితో ఒకరు ఆడుకోవడం సులువవుతుందని ఆ సంస్థ సమర్థించుకుంది. అదే నెలలో మాస్ ఎఫెక్ట్ 3 విడుదలైన రోజే, కథకు ఎంతో ముఖ్యమైన ఒక పాత్రతో కూడిన భాగాన్ని 10 డాలర్లకు అమ్మకానికి పెట్టారు. ప్రధాన ఆట పూర్తయ్యాకే దాన్ని తయారుచేశామని ఆ ఆట తయారీ సంస్థ బయోవేర్ వివరించింది. ఆ పాత్రకు సంబంధించిన కొంత సమాచారం డిస్కులోనే ఉండటంతో ఆ వివరణ చాలామందికి రుచించలేదు. సాంకేతికంగా కంపెనీల మాట సరైనదే కావచ్చు. డబ్బు పెట్టి ఇంటికి తెచ్చుకున్న డిస్కులో ఉన్నది కూడా తనది కాదని తెలిసిన కొనుగోలుదారుకు కలిగే అవమానాన్ని మాత్రం ఆ సాంకేతిక కారణాలు పోగొట్టలేవు.

అప్పటికే సీజన్ పాస్‌లు మొదలయ్యాయి. ఇంకా తయారుకాని అనుబంధాలన్నిటికీ ముందే కలిపి డబ్బు తీసుకోవడం వీటి పద్ధతి. నాణ్యత చూసి కొనే హక్కును వదులుకోవడానికి ప్రతిఫలంగా కొంత తగ్గింపు దొరికేది.

అన్ని సంస్థలూ ఇదే దారి పట్టలేదు. పోలండ్‌కు చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ 2015లో ద విచర్ 3 విడుదల చేశాక 16 చిన్న చేర్పులను కొన్నవారందరికీ ఉచితంగా ఇచ్చి, తరువాత వచ్చిన రెండు పెద్ద ఎక్స్‌పాన్షన్‌లకు మాత్రమే డబ్బు తీసుకుంది. ఇటువంటి ఉదాహరణలు ఉన్నాయి కనుకనే, వేరే గతి లేదన్న పరిశ్రమ మాటను యథాతథంగా అంగీకరించడం కష్టం.

ఫోన్లు ఈ వ్యాపారాన్ని మరో మెట్టు ఎక్కించాయి. 2009లో ఆపిల్ తన ఐఫోన్ యాప్‌లలో లోపలి కొనుగోళ్లకు వీలు కల్పించింది. మొదట డబ్బు పెట్టి కొన్న యాప్‌లకే పరిమితమైన ఆ వీలు అదే ఏడాది అక్టోబరులో ఉచిత యాప్‌లకూ విస్తరించింది. ఆట ఉచితం, ఆడుతూ పోతే ఖర్చు అన్న నమూనా అక్కడి నుంచి ఊపందుకుంది. తల్లిదండ్రులు ఒకసారి పాస్‌వర్డ్ కొడితే తరువాతి 15 నిమిషాల దాకా మళ్లీ అడగకపోవడంతో, ఆ కాస్త వ్యవధిలోనే పిల్లలు పెద్ద మొత్తాలు ఖర్చుపెట్టిన ఫిర్యాదులు వచ్చాయి. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 2014 జనవరిలో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆపిల్ కనీసం 3.25 కోట్ల డాలర్లు తిరిగి ఇవ్వడానికి అంగీకరించింది. అదే ఏడాది గూగుల్ కూడా ఇటువంటి ఒప్పందానికే వచ్చింది.

ధర దాచడం ఒక ఎత్తు, సరుకునే దాచడం మరో ఎత్తు. డబ్బు కట్టి మూత తెరిచేదాకా లోపల ఏముందో తెలియని లూట్ బాక్స్‌లు, జపాన్‌లో గాచా పేరుతో ప్రసిద్ధమైనవి, ఈ రెండో కోవకు చెందుతాయి. జపాన్‌లో కంప్లీట్ గాచా అనే పద్ధతి ఒకటి ఉండేది: అదృష్టం మీద దొరికే బొమ్మల సమితి మొత్తం పోగుచేసినవారికే అసలు బహుమతి. ఒక సమితిలో 10 బొమ్మలుండి ప్రతిదానికీ సమానమైన అవకాశం ఉందనుకున్నా, అన్నీ పూర్తికావడానికి సగటున 29 సార్లు తీయాలి; అందులో ఆఖరి ఒక్క బొమ్మకే సగటున 10 సార్లు పడుతుంది. కొన్ని బొమ్మలను కావాలని అరుదు చేస్తే ఆ లెక్క ఇంకా పైకి పోతుంది. సగం దాటాక మానేయడానికి మనసొప్పని మనిషి స్వభావం మీద ఆధారపడిన ఈ పద్ధతి చట్టవిరుద్ధమని జపాన్ వినియోగదారుల వ్యవహారాల సంస్థ 2012లో తేల్చింది. మామూలు గాచాకు మాత్రం అడ్డు రాలేదు. చైనా 2017 మే 1 నుంచి ఏ వస్తువు దొరికే అవకాశం ఎంతో ప్రకటించి తీరాలని నిబంధన పెట్టింది.

పాశ్చాత్య దేశాల్లో ఈ విషయం ఇంటింటా చర్చకు వచ్చింది 2017 నవంబరులో. స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2లో ఆ సినిమాల ప్రధాన పాత్రలైన డార్త్ వేడర్, లూక్ స్కైవాకర్‌లతో ఆడాలంటే ఒక్కొక్కరికి ఆటలోని నాణేలైన క్రెడిట్లు 60,000 సంపాదించాలి. అంతకన్నా ముఖ్యమైన సంగతి, పోరులో బలం పెంచే కార్డులు లూట్ బాక్స్‌లలో ఉండటం; ఆ బాక్స్‌లను డబ్బుతోనూ కొనుక్కోవచ్చు. అంటే పూర్తి ధర పెట్టి ఆట కొన్నవారి మధ్యే, మరింత ఖర్చు పెట్టగలిగినవాడిది పైచేయి. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ తరఫున రెడిట్ అనే చర్చా వెబ్‌సైట్‌లో ఇచ్చిన సంజాయిషీకి 6 లక్షలకు పైగా వ్యతిరేక ఓట్లు పడి గిన్నిస్ రికార్డుకెక్కింది. ఆ పాత్రల వెలను 75 శాతం తగ్గించినా కోపం చల్లారలేదు. విడుదలకు కొన్ని గంటల ముందు సంస్థ ఆటలోని కొనుగోళ్లన్నిటినీ నిలిపివేసింది. తరువాత వాటిని అలంకారాలకే పరిమితం చేసి తిరిగి తెచ్చింది.

ఆ తరువాత ప్రభుత్వాలు కదిలినా ఒక్క తాటిపైకి రాలేదు. బెల్జియం జూద నియంత్రణ సంస్థ 2018 ఏప్రిల్‌లో ఫిఫా 18, ఓవర్‌వాచ్, కౌంటర్ స్ట్రైక్ ఆటల్లోని లూట్ బాక్స్‌లు జూదమేనని నిర్ధారించింది. ఆ దేశంలో, ఫిఫా ఆటలో ప్యాక్‌లు కొనడానికి వాడే ఫిఫా పాయింట్ల అమ్మకం 2019 మొదట్లో ఆగిపోయింది. పక్కనే ఉన్న నెదర్లాండ్స్‌లో ఫిఫా ప్యాక్‌ల విషయంలో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌పై విధించిన కోటి యూరోల జరిమానాను అక్కడి అత్యున్నత పాలనా న్యాయస్థానం 2022 మార్చిలో కొట్టివేసింది. ఆటగాళ్ల ప్యాక్‌లు తెరవడం విడిగా ఒక ఆట కాదనీ, నైపుణ్యంతో ఆడే పెద్ద ఆటలో అది ఒక భాగమనీ న్యాయస్థానం భావించింది. ఒకే వస్తువు సరిహద్దుకు అటు జూదం, ఇటు కాదు. జూదం అనే పాత చట్రంలో ఈ సమస్యను ఇరికించబోతే ఫలితం ఇలాగే ఉంటుందని నా అభిప్రాయం; వినియోగదారుల రక్షణ చట్టమే దీనికి సరైన చోటు.

ఆ చట్టం బలం ఫోర్ట్‌నైట్ వ్యవహారంలో కనిపించింది. ఈ ఆట లూట్ బాక్స్‌ల కన్నా బ్యాటిల్ పాస్ మీద (ముందే డబ్బు కట్టి, ఆడుతూ పోయేకొద్దీ బహుమతులు గెలుచుకునే ఏర్పాటు), కళ్ల ముందు కనిపించే అలంకారాల మీద ఎక్కువ ఆధారపడింది. ఏమి కొంటున్నామో తెలుస్తుంది కనుక అది కొంత మెరుగే. అయితే కొనే బటన్ల అమరిక గందరగోళంగా ఉండటం వల్ల, వస్తువును ఊరికే చూడబోయినప్పుడు పక్క బటన్ తగిలినా, నిద్రావస్థలో ఉన్న ఆటను లేపబోయినా డబ్బు పోయేదని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. బ్యాంకుకు ఫిర్యాదు చేసినవారి ఖాతాలను స్తంభింపజేసి, అంతకుముందు కొన్నవాటిని కూడా వారికి దక్కకుండా చేశారన్నది మరో ఆరోపణ. 2022 డిసెంబరులో ఫోర్ట్‌నైట్ తయారీ సంస్థ ఎపిక్ గేమ్స్ 24.5 కోట్ల డాలర్లు వినియోగదారులకు తిరిగి ఇవ్వడానికి ఒప్పుకుంది. పిల్లల గోప్యత విషయంలో కట్టిన 27.5 కోట్ల డాలర్ల జరిమానా దీనికి అదనం.

మూడో ప్రశ్న, కొన్నది ఎంతకాలం ఉంటుందన్నది, ఇప్పుడిప్పుడే ముందుకు వస్తోంది. ఉబిసాఫ్ట్ 2014లో విడుదల చేసిన ద క్రూ అనే కార్ల ఆట ఒంటరిగా ఆడినా సర్వర్‌తో సంబంధం ఉంటేనే పనిచేసేది. 2024 మార్చి 31న ఆ సర్వర్లను మూసివేయడంతో ఆటతో పాటు, వైల్డ్ రన్, కాలింగ్ ఆల్ యూనిట్స్ అనే ఎక్స్‌పాన్షన్‌లకు విడిగా డబ్బు పెట్టినవారి కొనుగోళ్లు కూడా నిరుపయోగమయ్యాయి. ఆ మూసివేత నుంచే స్టాప్ కిల్లింగ్ గేమ్స్ అనే ఉద్యమం పుట్టింది. సేవలు ఆపేసినా కొన్నవారు ఏదో ఒక రూపంలో ఆడుకోగలిగేలా ఆటను వదిలివెళ్లాలని కోరుతూ యూరోపియన్ యూనియన్‌కు పెట్టిన ప్రజా విజ్ఞాపన 2025 జులైలో 10 లక్షల సంతకాలు దాటింది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2025 జనవరి 1 నుంచి అమలు చేస్తున్న చట్టం ప్రకారం, డిజిటల్ సరుకు అమ్మేటప్పుడు కొనేవారికి దక్కేది యాజమాన్యం కాదనీ, వాడుకునే అనుమతి మాత్రమేననీ ముందే స్పష్టంగా చెప్పాలి. ఆ అనుమతిని ఎప్పుడు వెనక్కి తీసుకోవచ్చన్నది ఇప్పటికీ అమ్మినవారి ఇష్టానికే ఉంది. సర్వర్ మూసేటప్పుడు అదనపు కంటెంట్‌కు కట్టిన డబ్బు తిరిగి ఇవ్వాలన్న షరతు ఆ చట్టంలో లేదు.