డిజైర్‌కి 17 అంగుళాల వీల్ ఎక్కుతుందా? చిన్న సెడాన్, పెద్ద వీల్స్: అపోహలు - వాస్తవాలు

కింది లెక్కలకి మారుతి డిజైర్ పై మోడళ్లకి కంపెనీ ఇచ్చిన 185/65 ఆర్15 టైరుని ఆధారంగా తీసుకున్నాం (వెడల్పు 185 మి.మీ., సైడ్‌వాల్ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ 15 అంగుళాలు). హోండా అమేజ్, హ్యుందాయ్ ఆరా ఉన్నవాళ్లు తమ బండి స్టిక్కర్ మీదున్న సైజుతో ఇలాగే లెక్క వేసుకోవచ్చు.

అపోహ: పీసీడీ 4×100 కలిసిందంటే వీల్ కూర్చున్నట్టే.

పీసీడీ 4×100 అంటే 100 మి.మీ. వ్యాసం ఉన్న వృత్తం మీద నాలుగు నట్ రంధ్రాలు. అది కలిస్తే కూర్చుంటుంది, కానీ నడిమధ్యలో కూర్చుంటుందని నమ్మకం లేదు. పీసీడీ కాక సెంటర్ బోర్ (వీల్ మధ్య రంధ్రం) అని ఇంకో కొలత ఉంది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అల్లాయ్‌లు బేరమాడేటప్పుడు దాన్ని అడిగేవాళ్లు తక్కువ. ఆ రంధ్రంలో దూరే హబ్ డిజైర్‌కి 54.1 మి.మీ., అమేజ్‌ది 56.1. బయట దొరికే అల్లాయ్‌లకి మధ్య రంధ్రం చాలావరకు 73.1 ఉంటుంది, ఒకే అచ్చుని నానా రకాల కార్లకి అమ్మాలి కదా. ఆ సందు నింపకపోతే వీల్‌ని మధ్యకి తెచ్చే పనంతా నట్ల మీద పడుతుంది. కాస్త పక్కకి బిగుసుకున్నా ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్) ఎక్కి 80 దాటగానే స్టీరింగ్ వణుకుతుంది. బ్యాలెన్సింగ్ మెషీన్‌కి ఈ తప్పు దొరకదు, ఎందుకంటే అది వీల్‌ని దాని సొంత రంధ్రం మధ్యలో పట్టుకుని తిప్పుతుంది. రెండు మూడుసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా వణుకు పోలేదంటే ముందు చూడాల్సింది ఆ సందు నింపే హబ్ రింగులే. 73.1–54.1 రింగులు నాలుగు అడిగి తీసుకోండి. వేలితో నొక్కితే బిగువుగా దిగాలి, గలగలా తిరిగితే కొలత తప్పినట్టే.

అపోహ: పాత నట్లే వాడుకోవచ్చు.

మారుతి స్టడ్ (నట్ ఎక్కే బోల్టు) మర 12×1.25, హోండా, హ్యుందాయ్‌లది 12×1.5. ఒకదాని నట్ ఇంకోదానికి రెండు చుట్లు తిరిగి పట్టేస్తుంది. అక్కడ గన్ పెట్టి కొడితే మర చచ్చి స్టడ్ మార్చాల్సి వస్తుంది. హోండాతో ఇంకో చిక్కు: కంపెనీ నట్ అడుగు గుండ్రంగా ఉంటుంది, బయటి అల్లాయ్‌లకి ఎక్కువగా 60 డిగ్రీల కోన్ నట్ కావాలి. గుండ్రటిది కోన్‌లో గీత మందాన మాత్రమే ఆనుతుంది. బిగిసినట్టే ఉండి తర్వాత వదులవుతుంది. సరైన నట్ చేత్తోనే కనీసం 8 చుట్లు ఎక్కాలి. తర్వాత ఎదురెదురు వరసలో టార్క్ రెంచ్‌తో బిగించాలి. హోండాకి 108 న్యూటన్ మీటర్లు, మిగతావాటికి మాన్యువల్‌లో ఉన్న అంకె. ఓ వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి బిగింపు చూడాలి. అన్నట్టు, పాత నట్లు పారేయకండి, డిక్కీలో ఉన్న స్టెప్నీకి అవే కావాలి.

అపోహ: ఆఫ్‌సెట్ పది అటూ ఇటూ అయినా పర్వాలేదు.

కొత్త టైర్లు తెగిపోయేది ఎక్కువగా దీనివల్లే. ఆఫ్‌సెట్‌ని వీల్ మీద ఈటీ అని రాస్తారు. ఈటీ అంటే రిమ్ నడిమి గీత నుంచి, హబ్‌కి ఆనే ముఖం ఎన్ని మిల్లీమీటర్లు బయటి వైపుకి ఉందో చెప్పే అంకె. 5.5జె ఈటీ45 తీసి 7జె ఈటీ35 పెట్టారనుకోండి (జె ముందున్నది అంగుళాల్లో రిమ్ వెడల్పు). రిమ్ వెడల్పు 139.7 నుంచి 177.8 అయింది, అంటే ఒక్కో వైపు 19 పెరిగింది. ఈటీ తగ్గడం వల్ల వీల్ మొత్తం ఇంకో 10 బయటికి జరిగింది. కలిపితే బయటి అంచు 29 మి.మీ. బయటికి, లోపలి అంచు 9 మి.మీ. స్ట్రట్ (వీల్ లోపల ఉండే షాక్ అబ్జార్బర్) వైపుకి వెళ్లాయి. 29 అంటే దాదాపు బొటనవేలి మొదటి కణుపంత.

షాపు ముందు ఖాళీ బండికి ఇది ముచ్చటగానే ఉంటుంది. వెనక ముగ్గురు కూర్చుని కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగితే ఫెండర్ లోపలి మడత టైరు భుజాన్ని గీరుతుంది. మొదట టైరు చుట్టూ ఒకే ఎత్తులో నున్నగా మెరిసే గీత పడుతుంది, తర్వాత అక్కడ రబ్బరు పీచులుగా లేస్తుంది. మడత కొట్టి లోపలికి వంచుతామంటారు. వంచిన చోట పెయింట్ పగిలి రెండు వానాకాలాలకి తుప్పు మొదలవుతుంది. అదే 6.5జె ఈటీ40 అయితే బయటికి 18, లోపలికి 8 దాటదు.

డబ్బులిచ్చే ముందు అయిదుగురిని కూర్చోబెట్టి, స్టీరింగ్ పూర్తిగా అటూ ఇటూ తిప్పి, రివర్స్‌లో కూడా ఒక స్పీడ్ బ్రేకర్ దాటించండి. టైరుకీ స్ట్రట్‌కీ మధ్య చిటికెన వేలు దూరాలి.

అపోహ: టైరు ఎత్తు పెరిగితే గ్రౌండ్ క్లియరెన్స్ బాగా వస్తుంది.

టైరు ఎత్తు లెక్క ఇది: వెడల్పు × శాతం × 2, దానికి అంగుళాలు × 25.4 కలపండి. 185/65 ఆర్15 ఎత్తు 621.5 మి.మీ. 195/55 ఆర్16 అయితే 620.9, 205/45 ఆర్17 అయితే 616.3. రెండూ దగ్గరే. 195/60 ఆర్16 మాత్రం 640.4, అంటే 3 శాతం పెద్దది. అంత చేసినా క్లియరెన్స్ పెరిగేది అందులో సగం, 9.5 మి.మీ. స్పీడోమీటర్, ఓడోమీటర్ మాత్రం 3 శాతం తక్కువ చూపిస్తాయి.

అపోహ: అల్లాయ్ అంటే తేలికే.

సూట్‌కేస్ తూచే కొక్కెం త్రాసుకి పాత వీల్‌నీ కొత్తదాన్నీ టైరుతో సహా వేలాడదీసి చూడండి. పోత పోసిన చవక 17 చాలాసార్లు కంపెనీ 15 కంటే బరువే తూగుతుంది.

అపోహ: గాలి ఎప్పటిలాగే 33 పీఎస్‌ఐ చాలు.

185/65 ఆర్15 మీద లోడ్ ఇండెక్స్ (ఎంత బరువు మోస్తుందో చెప్పే అంకె) 88 అని ఉంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది. మామూలు 205/45 ఆర్17 మీద 84, అంటే 500 కిలోలే. అందుకే 88 ఎక్స్‌ఎల్ (ఎక్కువ బరువు మోసే రకం) అడగాలి. కానీ ఎక్స్‌ఎల్ ఆ బరువు మోసేది 42 పీఎస్‌ఐ దగ్గర, మామూలు టైరు 36 దగ్గరే మోస్తుంది. కాబట్టి పాత 33కి సమానం కావాలంటే కొత్తదాంట్లో 38, 39 ఉండాలి. 33తోనే తిప్పితే సైడ్‌వాల్ ఎక్కువ వంగి వేడెక్కుతుంది.

ఇక సైడ్‌వాల్ ఎత్తు: 15కి 120 మి.మీ., 16కి 107, 17కి 92. తారు మీద తారు పోసి, మ్యాన్‌హోల్ మూతలు గుంటల్లా మిగిలిన మన రోడ్ల మీద ఆ 28 మి.మీ. తేడా చాలా పెద్దది. దెబ్బ తగిలితే లోపలి దారాలు తెగి టైరు పక్కన బుడిపె లేస్తుంది. దానికి రిపేరు లేదు, టైరు మార్చడమే. రిమ్ లోపలి అంచు వంగితే వేడి చేసి సాగదీస్తారు, అల్లాయ్ అలా బలం కోల్పోతుంది. రోజువారీ బండికి 16 దగ్గర ఆగమనే చెబుతాం.

అపోహ: వీల్స్ మారిస్తే చలాన్ ఉండదు.

కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మీద 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే చట్టం 182ఏ సెక్షన్ కింద మార్పు ఒక్కింటికి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. కింది మోడల్ డిజైర్‌కి పై మోడల్ 15 అంగుళాల సైజు వేసుకుంటే అది కంపెనీ సైజే కాబట్టి వాదన తేలిక. ఫెండర్ దాటి బయటికొచ్చిన టైరుకి ఆ మాట చెప్పలేం. రిమ్ మీద ఐఎస్‌ఐ గుర్తు ఉందో లేదో చూసుకోండి, బిల్లు పెట్టి ఇన్సూరెన్స్ పాలసీలో యాక్సెసరీగా రాయించండి.