పార్సిల్‌లో రానిది అమ్మండి: తిండి కోసం ఊళ్ళు తిరిగేవాళ్ళ గురించి అపోహలు, వాస్తవాలు

రాజమండ్రి నుంచి కోనసీమ వైపు చిన్న చిన్న గ్రూపుల్ని కేవలం తిండి కోసమే తిప్పడం నా పని. గుళ్ళూ గోదారీ దారిలో ఎలాగూ వస్తాయి. మిఠాయి కొట్లవాళ్ళు, మెస్సులవాళ్ళు, ఇంటి దగ్గర పూతరేకులు తీసే ఆడవాళ్ళు అందరూ నన్ను అడిగేది ఒకటే: "మా దగ్గరికి కూడా మనుషుల్ని తీసుకురావచ్చు కదండీ?" తీసుకురావచ్చు. కానీ కూర్చుని మాట్లాడటం మొదలుపెడితే ప్రతిచోటా అవే నమ్మకాలు అడ్డం పడుతుంటాయి. వాటిలో ముఖ్యమైనవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: రుచి బాగుంటే జనం వెతుక్కుంటూ వాళ్ళే వస్తారు.

వాస్తవం: ఒకప్పుడు వచ్చేవాళ్ళు. ఇప్పుడు ఆత్రేయపురం పూతరేకులు హైదరాబాద్‌లో వీధి చివర దొరుకుతున్నాయి. తాపేశ్వరం కాజా ఫోన్‌లో ఆర్డర్ పెడితే ఇంటికొస్తుంది. రుచి ఒక్కటే కావాలనుకున్నవాడు సోఫాలోంచి లేవక్కర్లేదు. అయినా కారేసుకుని ఇంతదూరం వస్తున్నాడంటే, పెట్టెలో పట్టనిదేదో ఇక్కడ ఉందని ఆశపడి వస్తున్నాడు. అందుకే ఏ కొట్టుకి వెళ్ళినా నేను మొదట అడిగేది ఇది: పార్సిల్ కట్టడానికి వీల్లేనిది మీ దగ్గర ఏముంది?

చాలామంది "ఏమీ లేదండీ" అంటారు. ఉంటుంది. అంబాజీపేట వైపు పొట్టిక్కలు చూడండి. పనసాకుల్ని పుల్లలతో గుచ్చి బుట్టల్లా చేసి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. వేడి మీద ఆకు విప్పినప్పుడు వచ్చే ఆ వాసన గంటసేపు కూడా నిలవదు. కాబట్టి అది తినాలంటే పొద్దున్నే అక్కడ ఉండాల్సిందే. కాజా అయితే పాకంలోంచి తీసిన కాసేపటికి ఒకలా ఉంటుంది, మర్నాడు డబ్బాలో ఇంకోలా ఉంటుంది. వాయి ఎన్నింటికి దిగుతుందో కొట్టు ముందు రాసిపెడితే, ఆ వేళకి వచ్చి నిలబడేవాళ్ళు ఉన్నారు. ఇలా వేళ రాసిపెట్టిన కొట్టు మాత్రం ఇంతవరకూ నా కంట పడలేదు!

అపోహ: తయారీ చూపిస్తే గుట్టు బయటపడిపోతుంది.

నాకు ఎక్కువసార్లు ఎదురయ్యేది ఇదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. పూతరేకుల్లో దాచాల్సిన గుట్టు ఏముంది? బియ్యం నానబెట్టి మెత్తగా రుబ్బి, నీళ్ళలా జారుగా కలుపుతారు. నున్నటి కుండని బోర్లించి, కింద ఎండు కొబ్బరాకుల మంట పెడతారు. పల్చటి గుడ్డని ఆ జారులో ముంచి, రెండు కొసలూ పట్టుకుని కుండ మీదుగా ఒక్క ఊపున లాగుతారు. చిటికెలో రేకు ఆరిపోయి అంచుల దగ్గర లేస్తుంది. దాన్ని చిరగకుండా రెండు చేతులతో ఎత్తి పక్కన పెడతారు. ఎన్ని వీడియోలు చూసినా ఇంతకంటే తెలిసేది లేదు. ఉన్నదంతా చేతిలో ఉంది. మంట ఎక్కువైతే రేకు మాడుతుంది, తక్కువైతే అంటుకుంటుంది. "ఎన్నాళ్ళలో నేర్చుకోవచ్చండీ?" అని బెంగళూరు నుంచి వచ్చినావిడ ఒకరు అడిగితే, రేకులు తీస్తున్నావిడ తల ఎత్తకుండానే "మా అత్తగారు నన్ను ఈ కుండ దగ్గరికి రానివ్వడానికే ఏడాది పట్టిందమ్మా" అంది. చూసినవాళ్ళెవరూ ఇంటికెళ్ళి కుండ కొని పోటీకి దిగరు. నెయ్యీ బెల్లం చుట్టించుకుని, మామూలుగా కొనేదానికి రెట్టింపు కొంటారు.

అయితే చూపించడం కూడా ఒక పనే, దానికీ ఏర్పాటు కావాలి. కుండ దగ్గర సెగ, పొగ రెండూ ఉంటాయి. గాలి ఎటు వీస్తుందో చూసి అవతలి వైపు నాలుగు స్టూళ్ళు వేయండి. ఒకసారికి ఆరుగురు చాలు. పదిమంది చుట్టూ మూగితే ఆవిడకి చెయ్యి ఆడదు, వెనకున్నవాళ్ళకి ఏమీ కనబడదు. అరగంట చాలు. చివర్లో ఒకరిద్దరి చేత గుడ్డ లాగించండి, చినిగిపోతుంది, అందరూ నవ్వుతారు. ఆ చినిగిన రేకులోనే ఇంత బెల్లం, నెయ్యి వేసి అప్పటికప్పుడు వాళ్ళ చేతిలో పెట్టండి. పట్నంలో డబ్బా విప్పి తిన్నదానికీ దీనికీ తేడా వాళ్ళకి అప్పుడు తెలుస్తుంది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. చాలా ఇళ్ళల్లో రేకులు తీసే ఆడవాళ్ళకి తీసిన రేకుల లెక్కన కూలి వస్తుంది. చూడటానికొచ్చినవాళ్ళ కోసం ఆవిడ చెయ్యి నెమ్మది చేస్తే ఆ కూలి తగ్గుతుంది. కాబట్టి చూసినందుకు మనిషికి ఇంతని విడిగా తీసుకోండి. అందులో వాటా కొట్టు యజమాని గల్లాలోకి వెళ్ళకుండా నేరుగా ఆవిడ చేతికి వెళ్ళాలి. ఫోటో తీసే ముందు అడగాలని వచ్చినవాళ్ళకి మీరే చెప్పండి. ఇంట్లో నలిగిన చీరతో, మసి చేతులతో ఉన్న మనిషి ముఖం అడగకుండా ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేస్తే మర్నాటి నుంచి ఆ తలుపు తెరుచుకోదు. తెరుచుకోకపోతే తప్పు ఆవిడది కాదు.

అపోహ: జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చేసింది, ఇక టూరిస్టులు కట్టలు తెంచుకుని వస్తారు.

వాస్తవం: జీఐ అనేది పేరుకి చట్టం ఇచ్చే కాపలా. హైదరాబాద్ హలీంకి 2010లో, బందరు లడ్డుకి 2017లో, అరకు అరబికా కాఫీకి 2019లో, ఆత్రేయపురం పూతరేకులకి 2023లో వచ్చింది. తయారీదారుల సంఘం పేరు మీద రిజిస్టర్ అయినంత మాత్రాన ప్రతి కొట్టుకీ ఆ ముద్ర వాడుకునే హక్కు దానంతటది రాదు. తయారీదారు ఎవరికి వాళ్ళు అధీకృత వినియోగదారుగా నమోదు చేయించుకోవాలి. పైగా పదేళ్ళకోసారి రెన్యువల్ ఉంటుంది. ఇదంతా చేసుకున్నాక కూడా ఆ కాగితం బీరువాలోనే ఉంటే దారిన పోయే కారు ఆగదు. ఈ మిఠాయికి ఈ ఊరే ఎందుకు, మీ ఇంట్లో ఎవరి కాలం నుంచి చేస్తున్నారు, ఇవి తెలుగులోనూ ఇంగ్లీషులోనూ నాలుగు లైన్లు గోడ మీద రాయించండి. జనం దాని ముందు నిలబడి ఫోటో దిగుతారు, మీకు ఖర్చులేని పబ్లిసిటీ.

అపోహ: ఫుడ్ టూరిస్ట్ అంటే తెల్లవాడు. వాడి నోటికి తగ్గట్టు కారం తగ్గించాలి, మెనూలో నూడుల్స్ పెట్టాలి.

నాతో వచ్చేవాళ్ళలో ఎక్కువమంది హైదరాబాద్, బెంగళూరుల్లో ఉద్యోగాలు చేసే తెలుగువాళ్ళే. సంక్రాంతికి అమెరికా నుంచి పిల్లల్తో దిగే కుటుంబాలూ ఉంటాయి. తాతగారి ఊరు ఫలానా అని తెలుసు, అక్కడ ఏం తింటారో పిల్లలకి తెలీదు. వాళ్ళకి నూడుల్స్ అక్కడే దొరుకుతాయి కదా! కారం తగ్గించకండి. ఏది ఎంత కారమో వడ్డించే ముందు చెప్పండి, పక్కన ముద్దపప్పూ నెయ్యీ, గడ్డపెరుగూ పెట్టండి. పులుసు ఘాటుకి కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళే ఆ కథ పదిమందికి చెబుతారు. మీరు నిజంగా మార్చాల్సింది వేరే ఉంది. పెద్దవాళ్ళు ఎక్కలేని ఎత్తు మెట్లు, నేల మీద కూర్చోలేనివాళ్ళకి ఒక్క బల్ల కూడా లేకపోవడం, ఇలాంటివి.

అపోహ: ఎప్పుడొచ్చినా అన్నీ దొరకాలి, లేదంటే మళ్ళీ రారు.

వాస్తవం: దొరకని రోజులు ఉండటమే రప్పిస్తుంది. పులసని చూడండి. వానాకాలంలో గోదారికి ఎర్రనీరు తగిలాక సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వస్తుంది. సముద్రంలో ఉన్నంతసేపూ అది విలసే. బెంగాలీలు ప్రాణం పెట్టే ఇలిష్ ఇదే చేప. పుస్తెలమ్మైనా పులస తినమన్నారు కాబట్టి ఏడాది పొడుగునా పులస పులుసు అని బోర్డు పెట్టేవాళ్ళున్నారు. జనవరిలో వడ్డించేది ఎక్కడిదో, ఎన్నాళ్ళు ఐసులో ఉందో అందరికీ తెలుసు. తెలీనట్టు తింటారు, అంతే. తిండి కోసమే ఊళ్ళు తిరిగేవాడు మాత్రం ముందే చదువుకుని వస్తాడు. ఒక్కసారి మోసపోయాడంటే మీ చింతకాయ పచ్చడిని కూడా నమ్మడు. "ఈరోజు పులస లేదు, కొరమేను ఉంది" అని పలక మీద రాసే మెస్ ఒకటుంది. నా గ్రూపులకి భోజనం ఎప్పుడూ అక్కడే.

ఏ నెలలో ఏముంటుందో ఒక క్యాలెండర్ వేసి అంటించండి. ఎండాకాలంలో తాటి ముంజెలు, మామిడి, వానల్లో పులస, చలికాలంలో తేగలు. అరకులోనూ ఇదే లెక్క. నవంబరు నుంచి ఎర్రగా పండిన కాఫీ పళ్ళు చెట్ల మీద కనబడతాయి. ఎండాకాలం మొదట్లో వెళితే పళ్ళుండవు, తెల్లటి పూత ఉంటుంది. రోడ్డు పక్కన కాఫీ అమ్మేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. కానీ తోటలోకి తీసుకెళ్ళి, పండు కోయించి, గింజ వేయించి, ఆ కాఫీ తాగించేవాళ్ళు నాకు తెలిసి తక్కువ. గింజ వేయించడం మాత్రం ఏ నెలలోనైనా చూపించొచ్చు.

అపోహ: పెద్ద వ్లాగర్ ఒకడొస్తే చాలు.

ఒక ఊళ్ళో చిన్న మెస్. పేరెందుకు గానీ, ఇద్దరు మనుషులు వండి ముప్పై నలభై మందికి పెట్టేవాళ్ళు. వీడియో ఒకటి బయటికొచ్చాక ఆదివారం రోడ్డు పొడుగునా కార్లు. పన్నెండున్నరకే కూరలైపోయాయి. దూరం నుంచి వచ్చినవాళ్ళు తిట్టుకుంటూ వెళ్ళారు, రోజూ తినేవాళ్ళకి చోటే దొరకలేదు. ఆ తర్వాత వంట పెంచారు, రుచి జారింది, రెండు నెలలకి రద్దీ కూడా పోయింది. వీడియో వస్తే మంచిదే, కానీ అంతకు ముందే ఎంతమందికి పెట్టగలరో తేల్చుకోండి, ఫోన్‌లో ముందుగా పేర్లు రాసుకోండి. ఏడాది పొడుగునా పనికొచ్చేది గూగుల్ మ్యాప్‌లో సరైన పిన్, సరైన వేళలు, ఎత్తే ఫోన్ నంబరు. మంగళవారం సెలవైతే ఆ మాట అక్కడ ఉండాలి.

అపోహ: పక్క కొట్టువాడు పోటీ.

ఒక్క కాజా కోసం ఎవరూ రోజంతా కేటాయించరు. తాపేశ్వరంలో మడత కాజా, అక్కడి నుంచి రామచంద్రాపురం వెళ్ళి ఆ ఊరి కూల్‌డ్రింకు ఆర్టోస్, తర్వాత ద్రాక్షారామం దర్శనం, మధ్యాహ్నం గుడి తలుపులు వేసే వేళకి అరిటాకు భోజనం. ఇలా కలిపితే ఒక రోజు అవుతుంది. రాజమండ్రిలో రోజ్ మిల్క్ తాగి, ధవళేశ్వరంలో కాటన్ బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా కాలవ గట్టున ఆత్రేయపురం వెళితే ఇంకో రోజు. మీ బిల్లు వెనకాల తర్వాతి కొట్టు దారి ముద్రించండి. వాళ్ళని మీ దారి ముద్రించమనండి. ఒప్పించడానికి టైమ్ పడుతుంది, ముఖ్యంగా ఇద్దరూ అన్నదమ్ములైతే.

అపోహ: పల్లెటూరే కదా, సర్దుకుంటారు.

సర్దుకోరు. తలుపు గడియ పడే బాత్రూమ్, చేతులు కడుక్కోవడానికి సబ్బు, మంచినీళ్ళు. ఇవి లేనిచోటికి ఆడవాళ్ళున్న గ్రూపుని నేను తీసుకెళ్ళను. పద్నాలుగు అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత లైసెన్స్) నంబరు కనబడేలా పెట్టండి. ప్యాకెట్ మీద చేసిన తేదీ వేయండి. పది పూతరేకుల పెట్టె పక్కన రెండింటి పెట్టె కూడా ఉంచండి. ఇంకా మూడు ఊళ్ళు తిరగాల్సినవాడు పది కొనడు.

అపోహ: డ్రైవర్‌కి కమీషన్ ఇస్తే బండ్లు ఆగుతాయి.

ఆగుతాయి. పావుగంట ఆగి, నాలుగు డబ్బాలు కొని వెళ్ళిపోతాయి. ఆ కమీషన్ కోసం మీరు ధర పెంచుతారు, పక్క కొట్లో అదే డబ్బా తక్కువకి చూసిన మనిషి మీ గురించి ఆన్‌లైన్‌లో ఒక్క స్టార్ రాస్తాడు. ధరల బోర్డు అందరికీ ఒకటే పెట్టండి. డ్రైవర్‌కి నీడలో కుర్చీ, కడుపు నిండా భోజనం, చార్జింగ్ పెట్టుకోవడానికి ప్లగ్గు ఇవ్వండి. "ఇంకెంతసేపండీ" అని ఫోన్ చేసేవాడు లేకపోతే మీ కుండ దగ్గర కూర్చున్నవాళ్ళు ఇంకో గంట కదలరు.