కొవ్వు పోతుంది, పీసీబీ మిగులుతుంది

నెలల తరబడి నేల మీద కాలు పెట్టకుండా నడిసముద్రంలో తిరిగే ఆల్బట్రాస్ పక్షి ఒంట్లో పీసీబీలు (ఒకప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ నూనెల్లో వాడిన, కొవ్వులో కరిగే క్లోరిన్ రసాయనాలు) ఎక్కడివి, అక్కడి నీళ్లు శుభ్రమే కదా అని చాలామంది అడుగుతారు. నీళ్లు నిజంగానే దాదాపు శుభ్రం. లీటరు నీటిలో ఉండేది పికోగ్రాముల్లోనే, అంటే గ్రాములో లక్ష కోట్లో వంతుల లెక్క. ఈ రసాయనాలు వెచ్చటి చోట ఆవిరై, చల్లటి చోట దిగి, గాలితోనూ ప్రవాహాలతోనూ ధ్రువాల దాకా చేరతాయి. 1960ల్లోనే అంటార్కిటికాలోని అడెలీ పెంగ్విన్లలో ఇలాంటిదే అయిన పురుగుమందు డీడీటీ బయటపడింది. ఆ ప్రయాణం కంటే ఆసక్తికరమైనది పక్షి ఒంట్లో జరిగే పని.

పాఠ్యపుస్తకాల్లో ఆహార పిరమిడ్ బొమ్మ వేసి, మెట్టు ఎక్కేకొద్దీ విషం పెరుగుతుందని రాస్తారు. ఎందుకు పెరుగుతుందో రాయరు. పెద్ద జీవి చిన్నవాటిని చాలా తింటుంది కాబట్టి అనే వివరణ పిల్లలకు కూడా చాలదు. పక్షి కొవ్వులో పీసీబీ గాఢత చేప కొవ్వులో కంటే ఇప్పటికే ఎక్కువగా ఉందనుకోండి. అప్పుడది పక్షి నుంచి పేగులోని ఆహారంలోకి జారాలి కదా. ఎదురెక్కి పక్షిలోకే ఎందుకు వస్తోంది?

ఒక ఊహాలెక్క చూద్దాం. మింగిన చేపల్లో 10 గ్రాముల కొవ్వు, అందులో 1000 నానోగ్రాముల పీసీబీ. గ్రాముకు 100. పేగు ఆ కొవ్వులో 9 గ్రాములు పీల్చుకుంది. పీసీబీ ఏమీ కదలకపోతే మిగిలిన ఒక్క గ్రాములోనే 1000 నానోగ్రాములు ఇరుక్కుంటాయి. ఉప్పుమడిలో నీరు ఇగిరేకొద్దీ ఉప్పు చిక్కబడినట్టే. అయితే మడిలో ఉప్పు అక్కడే పేరుకుంటుంది, పేగులో పీసీబీకి పక్కనే పలుచటి గోడ ఉంది. పక్షి కొవ్వులో గ్రాముకు 300 ఉన్నా, పేగులో దాని ఒత్తిడి అంతకంటే ఎక్కువ కాబట్టి లోపలికే వస్తుంది. నిజానికి కొంత పీసీబీ కొవ్వుతో పాటే వెళ్లిపోతుంది, జీర్ణం కాని పదార్థం కొంత పట్టుకుంటుంది, కాబట్టి పది రెట్లు పూర్తిగా రావు. దిశ మాత్రం అదే. ఆహారాన్ని ఎంత బాగా అరిగించుకుంటే అంత ఎక్కువ విషం ఒంటబడుతుంది. వెచ్చటి రక్తం గల పక్షి చేప కంటే ఎక్కువ తింటుంది, బాగా అరిగించుకుంటుంది.

ఇక బయటికి దారి. చేపకు మొప్పలున్నాయి, రసాయనం కొంత నీటిలోకి పోతుంది. పక్షి ఊపిరితిత్తుల అవతల ఉన్నది గాలి. పీసీబీల్లో ఒక రకమైన పీసీబీ-153 గాలి కంటే కొవ్వును కోట్ల రెట్లు ఎక్కువగా ఇష్టపడుతుంది, ఊపిరితో పోదు. కాలేయంలోని సైటోక్రోమ్ పీ450 ఎంజైములు దాన్ని విరగ్గొట్టాలంటే అణువులోని రెండు కార్బన్ వలయాల్లో ఏదో ఒకదానిలో పక్కపక్కనే క్లోరిన్ లేని రెండు కార్బన్లు దొరకాలి. పీసీబీ-153లో క్లోరిన్లు ప్రతి వలయంలో 2, 4, 5 స్థానాల్లో ఉంటాయి. 1వ స్థానంలో రెండు వలయాలూ కలుస్తాయి. ఖాళీగా ఉన్నవి 3, 6. రెండూ పక్కపక్కన లేవు. మొత్తం 209 రకాల పీసీబీల్లో పక్షుల్లో తరచూ ముందు వరుసలో నిలిచేది ఇదే కావడానికి ముఖ్య కారణం ఈ అమరిక.

మిగిలిన పెద్ద దారుల్లో గుడ్డు ఒకటి. ఆల్బట్రాస్, పెట్రెల్ జాతులు ఒక విడతకు ఒక్క గుడ్డే పెడతాయి, కాబట్టి అదీ ఇరుకు దారే.

పేగులో జరిగినదే ఉపవాసంలో ఒళ్లంతా జరుగుతుంది. ఆడ ఐడర్ బాతు దాదాపు 25 రోజులు ఏమీ తినకుండా పొదుగుతుంది. కొవ్వు సగానికి తగ్గితే, కొత్తగా ఒక్క అణువు తినకపోయినా మిగిలిన కొవ్వులో గాఢత రెట్టింపవుతుంది, రక్తంలోకీ ఆ మేరకు దిగుతుంది. వలసలోనూ తుఫాన్లలోనూ ఇదే ప్రమాదం. బలంగా ఉన్నంతకాలం నిద్రపోయిన విషం పక్షి బాగా నీరసించిన రోజునే మెదడును చేరుతుంది.

అందుకే కొలిచేటప్పుడు బరువు ఏ లెక్కన చెప్పారో చూడాలి. తడి బరువుకు చెప్పిన అంకెనూ కొవ్వు బరువుకు చెప్పినదాన్నీ పోల్చకూడదు. మురిగిన గుడ్డులో నీరు తగ్గి ఉంటుంది కాబట్టి గాఢత ఎక్కువ చూపిస్తుంది. పొడవునూ వెడల్పు వర్గాన్నీ సెంటీమీటర్లలో గుణించి, దాన్ని 0.51తో గుణిస్తే గుడ్డు ఘనపరిమాణం వస్తుంది. దాని నుంచి తాజా బరువు సరిచేసుకోవాలి. ప్రాణంతో ఉన్న పక్షికైతే తోక మొదట్లోని నూనె గ్రంథిని, ద్రావణితో కడిగి ఆరబెట్టిన వడపోత కాగితంతో తుడిస్తే చాలు. ఆ నూనెలోని పీసీబీలు ఒంటి కొవ్వులోని స్థాయికి సూచికగా పనికొస్తాయి.

ఆహారం ఒక్కటే దారి కాదని తేల్చిందీ ఇలాంటి కొలతలే. 2013లో జపాన్ పరిశోధకులు 12 పొట్టితోక షియర్‌వాటర్ సముద్రపక్షుల పొట్ట కొవ్వును పరీక్షిస్తే, మూడింటిలో ఎక్కువ బ్రోమిన్లున్న పీబీడీఈలు (వస్తువులు సులువుగా అంటుకోకుండా ప్లాస్టిక్‌లో కలిపే రసాయనాలు) కనిపించాయి. ఆ పక్షులు తినే లాంతరు చేపల్లో, స్క్విడ్లలో ఆ రకాలు లేవు, ఆ పక్షుల కడుపులోని ప్లాస్టిక్ ముక్కల్లో ఉన్నాయి.

ఈ కొవ్వు లెక్క మొత్తం పీఎఫ్ఓఎస్ లాంటి ఫ్లోరిన్ రసాయనాల దగ్గర ఆగిపోతుంది. అవి కొవ్వులో కాక ప్రొటీన్లకు అతుక్కుని రక్తంలో, కాలేయంలో ఉంటాయి. వాటిని కొవ్వు బరువుకు లెక్కగడితే అంకెకు అర్థం ఉండదు. నమూనాలు పెట్టే పాత్రల విషయం కూడా తిరగబడుతుంది: పీసీబీ నమూనాలకు ప్లాస్టిక్ తగలనివ్వరు, ద్రావణితో కడిగిన గాజు సీసా వాడతారు. పీఎఫ్ఓఎస్‌కైతే పాలీప్రొపిలీన్ గొట్టం సరిపోతుంది, టెఫ్లాన్ మూత మాత్రం ఎక్కడా ఉండకూడదు.